ఇరవై గజాలు

ముస్లిం ఇల్లు అనగానే మీకేం కనిపిస్తుంది? పెద్ద కమాన్, లోపల ఫౌంటెన్, వేలాడే షాండ్లియర్, హుక్కా గుడగుడమనిపిస్తూ ఓ నవాబు. సినిమాలు చూపించింది అదే, కథలు రాసింది అదే. హైద్రాబాద్ పాతబస్తీ మీద ప్రేమ ఉన్నవాళ్లు కూడా వచ్చి వెతుక్కునేది దాన్నే. ఆ ఇల్లు మాది కాదు. మాకు దేవిడీల్లేవు. మాకున్నది నూట అరవై గజాల ఇల్లు. అదిప్పుడు ఉండాలా పోవాలా అన్నదే మా ఇంట్లో ఇన్నేళ్లుగా తెగని పంచాయితీ.

ముందు ఇల్లెట్లా వచ్చిందో చెప్పాలి. మా దాదా తండ్రి గచ్చుపని కూలీ. సున్నం గానుగ దగ్గర ఎద్దుల వెంట తిరిగేవాడట. ఇసుక, సున్నం కలిపి దంచి, బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు పోసి నానబెట్టి, గంపల్లో మోసి నవాబుల గోడలకు అద్దంలాంటి నునుపు తెచ్చిన చేతులవి. ఏ దేవిడీకి మోశాడో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు నది ఒడ్డున ఉన్న మట్టిగోడల ఇల్లు కొట్టుకుపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు మిట్టమీద ఈ జాగా సంపాదించి, మిగిలిన సున్నం అడుక్కొని, తెలిసిన మేస్త్రీలతో ఒక్కో గోడా లేపాడు. అంటే దేవిడీకి పూసిన సున్నమే మా ఇంటికీ పూశారు. దేవిడీకి చరిత్ర ఉంది, మా ఇంటికి లేదు.

ఇల్లంటే ఏముంది! గల్లీలోంచి వంగి లోపలికొస్తే ముందు చిన్న బైఠక్. దాటితే సహన్, అంటే నడిమింట్ల ఆకాశం. సహన్ చుట్టూ మూడువైపులా దాలాన్. టేకు దూలాలు, మీద గూనపెంకులు. కింద షాబాద్ బండలు, ఎండాకాలం నీళ్లు చల్లితే రాత్రిదాకా చల్లగుండేవి. గోడల్లో తాఖ్‌లు: ఒకదాంట్లో ఖురాన్, ఒకదాంట్లో దీపం, ఇంకోదాంట్లో దాదీ పాన్‌దాన్. మూలకు చేదబావి, ఇప్పుడు మూత పడింది. గోడలు మూరన్నర మందం. ఆ సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది. వానకు తాగిన తడిని ఎండకు వదిలేస్తుంది. మా చిన్న చిచ్చా ఓసారి చెమ్మ వస్తుందని బైఠక్ గోడకు సిమెంటు కొట్టించాడు. రెండేళ్లకు లోపలి తడి బయటికి పోయే తోవలేక గోడ ఉబ్బి, సిమెంటు పెచ్చుతో పాటు వందేళ్ల గచ్చు కూడా ఊడొచ్చింది. రిపేరు పేరుతో ఇల్లు చంపడమంటే ఏమిటో మాకు అప్పుడు తెలిసింది.

అన్నట్టు సహన్‌కు, బైఠక్‌కు నడుమ చిల్మన్ ఉండేది. సన్నటి వెదురుపుల్లల తెర. దాని అందం గురించి చాలామంది రాశారు. రాసినవాళ్లెవరూ దాని లోపలివైపు నుంచి చూసినవాళ్లు కాదు. దాదీ తన పెళ్లయిన ఇరవై ఏళ్లకు గల్లీ చివరి దుకాణం చూసిందట. పాత ఇంటిని ప్రేమించేటప్పుడు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

దేవిడీల సంగతికొద్దాం. సాలార్‌జంగ్‌ల దీవాన్ దేవిడీలో 1951లో మ్యూజియం తెరిచారు. 1968లో మ్యూజియం కొత్త భవనానికి పోయాక, దేవిడీ ముక్కలుముక్కలుగా పోయింది. గేటు మిగిలింది, లోపల బట్టల కాంప్లెక్సులు. మాల్వాలా ప్యాలెస్ 1845 నాటిది, కట్టినవాళ్లు కాయస్థులు, 2000లో కూల్చారు. షాలిబండలో మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ ఉండేది. ఆయన నిజాం దగ్గర రెండుసార్లు ప్రధానమంత్రి, ఉర్దూలో షాద్ పేరుతో కవిత్వం చెప్పినవాడు. దేవిడీ అంటే ముస్లింది, ముస్లిమంటే దేవిడీ అన్నవాళ్లకు ఈ రెండు పేర్లు చాలు.

కానీ వాటికోసం మేం ఏడవాలా? ఇది మమ్మల్ని మేం చాలాసార్లు అడుక్కున్నాం. ఆ కమాన్లు లేచింది జాగీర్ల శిస్తుల మీద, వెట్టి మీద. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, మంచిదే అయింది. తెలంగాణ రైతు ఏ దొరగడీ కూలినా సంతోషపడితే తప్పుపట్టే నోరు మాకు లేదు. మా ముత్తాత కూడా ఆ గోడల బయట కూర్చునే రొట్టె తిన్నాడు. చిక్కు ఎక్కడంటే, దేవిడీ ఉన్నన్నాళ్లు దాంట్లో మాకు వాటా లేదు, కూలుతుంటే మాత్రం అది మా గుర్తే. 'మీరు ఏలినోళ్లు కదా' అని మా రిక్షా తొక్కే భాయ్‌ని, మా దూదేకుల చెల్లెను కూడా ఎత్తిపొడుస్తారు. ఏలినవాడి నింద మాకు, ఏలినవాడి ఇల్లు బిల్డర్‌కు! గడీని బడి చేయొచ్చు, ఆసుపత్రి చేయొచ్చు. కూల్చి దుకాణాలు కడితే కూలీ చేతి గుర్తు కూడా పోతుంది. నవాబు ఫొటో ఎక్కడో ఒకచోట మిగులుతుంది, గచ్చు నూరిన మనిషికి ఆ గోడే ఫొటో.

సరే, మా పంచాయితీ. దాదా పోయాక ఇల్లు పంచాలి. వారసులు దాదీ, ముగ్గురు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. షరియత్ లెక్క ప్రకారం దాదీకి ఎనిమిదో వంతు, ఇరవై గజాలు. మిగిలిన నూట నలభైలో కొడుకులకు తలా ముప్పై ఐదు, బిడ్డలకు తలా పదిహేడున్నర. తర్వాత దాదీ కూడా పోయింది. ఆమె ఇరవై మళ్లీ పంచితే కొడుకుల వాటా నలభై, బిడ్డల వాటా ఇరవై తేలింది. కాగితం మీద ఇంత సుళువు. అయితే మా దగ్గర ఇంకో రివాజు ఉంది. బిడ్డలు 'బఖ్ష్ దేనా', అంటే హక్కును మాఫీ చేసేయాలి. చేస్తే పుట్టింటి తలుపు తెరిచుంటుంది, ఈద్‌కు చీర వస్తుంది. అడిగితే మూసుకుంటుంది. పెద్ద ఫుప్పు మాఫీ చేసేసింది. చిన్న ఫుప్పు చేయలేదు.

"భయ్యా, అల్లా ఇచ్చింది నువ్వెట్ల మాఫీ అడుగుతవ్? నా ఇరవై గజాలు నాకియ్యి," అన్నది అబ్బాతో. అబ్బా తల దించుకున్నాడు. పెద్ద చిచ్చా మాత్రం, "ఇల్లు ముక్కలైతదమ్మా. అబ్బా కష్టం, దాదా కష్టం, అన్నీ మట్టిల కలుస్తయ్," అన్నాడు. ఇల్లు కాపాడాలన్న మాట మా ఇంట్లో మొట్టమొదట వినపడింది అప్పుడే. ఏ సందర్భంలో వినపడిందో చూశారు కదా. ఆడబిడ్డ వాటా అడిగినప్పుడు! అంతకుముందు వానకు దాలాన్ కురుస్తుంటే ఒక్క పెంకు మార్పించని మనిషికి ఆరోజు చరిత్ర గుర్తొచ్చింది.

అదే రోజుల్లో పాత ఇళ్లు చూసే బృందం ఒకటి మా గల్లీకొచ్చింది. మంచివాళ్లే. మెడలో కెమెరాలు. మా తాఖ్‌లు, దూలాలు చూసి మురిసిపోయారు. "దయచేసి దీన్ని కూల్చకండి, ఇది నగరం ఆస్తి," అన్నారు. ఫుప్పు లోపలినుంచి విన్నది. "అంత నచ్చితే నా వాటా కొనుక్కోమనుర్రి," అన్నది. నవ్వులాటకన్నదే. కానీ ఈ మొత్తం విషయంలో ఉన్న నైతిక ప్రశ్నంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. నగరం ఆస్తి అయితే పెంకుల ఖర్చు నగరమెందుకు పెట్టదు? కూల్చొద్దని చెప్పే హక్కు ఎవరిది, కూలకుండా చూసే భారం ఎవరిది?

చట్టం ఉంది కదా అంటారు. 1995లో హైద్రాబాద్ జోనింగ్ నిబంధనల్లో పదమూడో నిబంధన చేర్చి వారసత్వ కట్టడాల జాబితా వేశారు. అందులో మహళ్లు, దేవిడీలు, ఆసుపత్రులు, కాలేజీలు. గచ్చు కూలీ కట్టిన ఇల్లు ఏ జాబితాకెక్కుతుంది? 2015లో ఆ నిబంధననే తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టమొచ్చింది. 2019లో కొత్త అసెంబ్లీ కోసం ఇర్రం మంజిల్ కూలుస్తామన్నారు. జనం కోర్టుకెళ్తే ఆ సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మేమూ సంతోషించాం. చౌమహల్లా బాగైంది, 2005లో జనానికి తెరిచారు, మా పిల్లలు టికెట్ కొనుక్కొని చూసొచ్చారు. చూడాల్సిందే. కానీ చౌమహల్లా చుట్టూ ఉన్న గల్లీలు పోయి అదొక్కటే మిగిలితే? అప్పుడు పట్నంలో నవాబు ఒక్కడే బతికాడని, మేం అసలు లేమని పాఠం అవుతుంది. మాకు భయమేసేది దానికే.

దీనికి ఎదురుగా ఇంకో నిజముంది, దాన్ని దాటేసి పోలేం. 2025 మే 18 తెల్లారి గుల్జార్ హౌజ్ దగ్గర పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. ఎనిమిది మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కాపురం, బయటపడటానికి ఒక్కటే ఇరుకు తోవ. ఆ వార్త చదివిన రాత్రి మేం మా వంగి నడిచే గుమ్మాన్ని చాలాసేపు చూశాం. పాతది కాబట్టి పవిత్రమనే మాట ఆ పిల్లల ముందు నిలబడదు. వైర్లు మార్చకుండా, రెండో తోవ పెట్టకుండా పాత ఇంట్లో జనాన్ని కుక్కడాన్ని కాపాడటం అనకూడదు. అదొక నిర్లక్ష్యం, అంతే.

మెట్రో సంగతి కూడా అంతే చిక్కు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు లైను. ఇన్నేళ్లు పాతబస్తీకి మెట్రో ఎందుకు రాదని అరిచింది మేమే. 2025లో దారి వెంట ఇళ్లు, దుకాణాలు కూల్చడం మొదలైంది. పరిహారం గజానికి 81 వేల రూపాయలు. మా ఇల్లు రోడ్డు మీద లేదు, గల్లీలో ఉంది. అయినా ఫుప్పు లెక్కేసుకుంది. ఇరవై గజాలకు 16 లక్షల 20 వేలు. "ఇన్నేండ్లు నాది ఏం లేదన్నరు గదా, సర్కారు లెక్కన నేను లచ్చాధికారిని," అన్నది. ఆ ధరలో దాలాన్ నీడ లేదు, సహన్ ఆకాశం లేదు. నిజమే. కానీ ఆ నీడలో ఫుప్పుకు చోటిచ్చామా అని కూడా అడగాలి కదా.

ఇల్లు ముక్కలు కాకుండా ఉంచే తోవ మా దీన్‌లోనే ఒకటుంది: వక్ఫ్. ఇల్లు ఎవరిదీ కాకుండా అల్లాది అవుతుంది, నీడ మాత్రం మనుషులకు. సంతానానికి రాసే వక్ఫ్-అలల్-ఔలాద్‌ను 1913 చట్టం కూడా ఒప్పుకుంది. ఎంత గొప్ప ఆలోచన! అయితే దాని చాటున బిడ్డల వాటా ఎగ్గొట్టినవాళ్లూ ఉన్నారు. 2025 వక్ఫ్ సవరణ చట్టం మీద మాకు బోలెడు భయాలున్నాయి, కోర్టులకెక్కింది కూడా అందుకే. కానీ సంతాన వక్ఫ్ పేరుతో ఆడవాళ్ల వారసత్వం పోగొట్టకూడదన్న మాట అందులో ఉంది. ఆ మాట మా కమిటీలు, మా పెద్దలు ముందే అని ఉండాల్సింది. అనలేదు కాబట్టి ఇంకొకరు వచ్చి మాకు చెప్పే తోవ దొరికింది. ఇది చెప్తే మావాళ్లకు కోపమొస్తుంది. రానీ.

ఇంకో మాట. అమ్మేసి కొత్త పట్నంలో ఫ్లాట్ తీసుకోవచ్చు కదా అనే స్నేహితులున్నారు, సెక్యులర్ స్నేహితులే. మా చిచ్చా కొడుకు ఆ ప్రయత్నం చేశాడు. ఉద్యోగముంది, జీతముంది. ఫోన్లో ఇల్లు ఖాళీ. పేరు చెప్పగానే, "అయ్యో, ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చిపోయారండీ." కొందరు కాస్త మర్యాదగా, "మీరు నాన్‌వెజ్ కదండీ," అంటారు. ఆ వీధిలో మాంసం దుకాణం ముందు ఆదివారం క్యూ ఎవరిదో మరి! 1990 డిసెంబర్ కొట్లాటల తర్వాత ఎన్ని హిందూ కుటుంబాలు పాతబస్తీ వదిలిపోయాయో, ఎంతమంది ముస్లింలు వేరే బస్తీలు వదిలి ఇటొచ్చారో మేం కళ్లారా చూశాం. మా పక్కిల్లు అట్లా చవగ్గా చేతులు మారిందే. వెళ్లిపోయిన ఆ పెద్దమ్మ, తులసికోట ఉన్న అరుగును ఏమీ చేయొద్దని మా దాదీకి చెప్పి ఏడ్చిందట. కొన్నవాళ్లు అరుగు ఉంచారు, రోడ్డు వెడల్పులో పోయింది. పాత ఇల్లు మాకు మోజు కాదు. పట్నంలో మా పేరు అడగకుండా తలుపు తీసేది అదొక్కటే.

అందుకే చివరికి ఇంట్లో కూర్చొని తేల్చుకున్నాం. పెద్ద ఫుప్పు మాఫీ చేసిన కాగితం అబ్బా తనే చింపేశాడు. ఆమె వాటాకు ముగ్గురు అన్నదమ్ములూ నెలనెలా ఇంతని కడుతున్నారు, ఇంకా మూడేళ్లుంది. చిన్న ఫుప్పు డబ్బు వద్దన్నది. బావి పక్కన దాలాన్ అడిగింది. కొలిస్తే ఇరవై రెండు గజాలొచ్చింది. రెండు గజాల గురించి పెద్ద చిచ్చా ఏదో అనబోయి మానుకున్నాడు. నడుమ గోడ కట్టలేదు. వెనకవైపు గల్లీలోకి రెండో తలుపు కొట్టించాం, అందరికీ పనికొస్తుంది. వైర్లన్నీ కొత్తవి. ఫుప్పు మీటరు వేరు, రేషన్ కార్డు వేరు. ముందు వసారాలో కుట్టుమిషను పెట్టుకుంది. చిల్మన్ తీసేసి అటక మీద పెట్టించింది.

మొన్న వానలకు ఆమె వైపు మళ్లీ కురిసింది. గూనపెంకులు కప్పే ముసలాయన ఒక్కడే ఉన్నాడు, యాకుత్‌పురా నుంచి రావాలి, మోకాళ్ల నొప్పులు. కొడుకు సెంట్రింగ్ పనికి పోతున్నాడు, పెంకులపని నేర్చుకోలేదు. దసరా తర్వాత వస్తానన్నాడు. అప్పటిదాకా ఫుప్పు దూలం కింద రెండు బకెట్లు పెట్టింది.