శేషధర్మం

యజ్ఞం ముగిసిన పిదప మిగిలిన ద్రవ్యాన్ని ఎవరు స్వీకరించాలో, ఇంటిల్లిపాదీ భుజించిన పిదప కుండలో మిగిలిన అన్నం ఎవరికి చెందుతుందో, పంట నూర్చి గాదెకు చేర్చిన పిదప కళ్లంలో మిగిలిన గింజ ఏ పక్షి పాలిటిదో విచారించి నిర్ణయించిన సంప్రదాయం మనది. వస్తువును ఆర్జించడంలోను, అనుభవించడంలోను ధర్మం ఉన్నట్లే, అనుభవించగా మిగిలినదానిని విడవడంలోను ధర్మం ఉన్నదని పూర్వులెరుగుదురు. ఋణశేషం, అగ్నిశేషం ఉంచరాదని వారు హెచ్చరించింది ఊరకే కాదు. శేషం అల్పంగా కనిపిస్తుంది, అల్పమని మరచిపోతాం, మరచిన చోటనే అది పెరుగుతుంది.

హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ దాకా సాగే విజయవాడ రహదారి నేడు వాహనప్రవాహం. 2018 సెప్టెంబరు 24 నుండి ఆ దారి మీదుగా మెట్రో రైలు నడుస్తున్నా, కింద చక్రాల సంఖ్య తగ్గిన జాడ లేదు. ఎల్బీనగర్ కూడలి దాటి వనస్థలిపురం వైపు సాగితే ఆటోనగర్. ఇటు ప్రధాన వీధిని విడిచి ఏ కాలనీ సందులోకి తిరిగినా ఒక రేకుల షెడ్డు, దాని ముందు నూనె ఇంకి నల్లబడిన నేల, జాకీ మీద నిలిచిన ఒక కారు. ప్రతి వాహనం ఒకనాడు మామిడాకులతో, బంతిపూల దండతో, చక్రాల కింద నిమ్మకాయలతో ఇంటికి వచ్చినదే. పసుపు కుంకుమలతో స్వాగతించినదానిలో ఒక్కొక్క అంగమూ అరిగి విడిపోయేటప్పుడు దానికి వీడ్కోలు ఎట్లా పలకాలో మాత్రం ఆ చేతులే మరచిపోయాయి.

మరమ్మతు ముగిసిన సాయంకాలం షెడ్డులో వినిపించే మాట ఒకటున్నది: "పాత సామాను డిక్కీలో పెట్టాను సార్." కొత్త సామాను నిజంగానే వేశారని నమ్మకం కలగడానికి యజమాని అడిగి తీసుకొనే మూట అది. విప్పి చూస్తే రివెట్ల దాకా అరిగిన బ్రేక్ షూలు, అంచు చెదిరిన క్లచ్ ప్లేటు, తిప్పితే ఇసుక నలిగినట్లు మోగే బేరింగు, ఇంకా నూనె కారుతున్న ఫిల్టరు, కొత్త పెట్టెలో చుట్టిపెట్టిన పాత వైపరు మోటారు. ఇంటికి చేరిన మూట మెట్ల కిందకు పోతుంది. మెట్ల కింద నిండితే మేడ మీదకు పోతుంది. కారు అమ్ముడుపోయినా దాని బంపరు మిగులుతుంది, ఒక హెడ్‌లైటు మిగులుతుంది, నాలుగు టైర్లు నీళ్ల ట్యాంకు పక్కన మిగులుతాయి. ఎప్పటికైనా పనికి వస్తాయని ఉంచిన యజమానికి మూడేళ్ల తరువాత అవి ఏ బండివో కూడా గుర్తుండదు.

ఇట్లా ఉంచడాన్ని పొదుపు అనరాదు. పొదుపరి తన వద్ద ఏమున్నదో ఎరిగి ఉంటాడు, దాని కాలం వచ్చినప్పుడు తీసి వాడతాడు. పాండవులు శమీవృక్షం మీద ఆయుధాలను దాచింది మరచిపోవడానికి కాదు. ఏడాది గడువు ముగిసిన నాడు దించి చేపట్టడానికి. మెట్ల కింది మూటకు గడువు లేదు, తలపు లేదు. అది అనుభవమూ కాదు, దానమూ కాదు. పారవేసినవాడి దోషం వీధికి తెలుస్తుంది. మూలన మరచినవాడి దోషం తుప్పుకు మాత్రమే తెలుస్తుంది. రెండింటిలో రెండవదే మనల్ని ఎక్కువగా మోసగిస్తుంది, ఎందుకంటే అది జాగ్రత్త అనే వేషంలో ఉంటుంది.

ఇనుము మర్యాద ఎరిగిన నేల ఇది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారసీక వర్తకులు దూరదేశం నుండి వచ్చేవారు. ఆంగ్లేయులు 'వూట్జ్' అని పలికిన పేరుకు మూలం మన ప్రాంతాల 'ఉక్కు' అన్న మాటే అంటారు. అటువంటి నేలపై పల్లె కమ్మరి కొలిమి వద్ద వ్యర్థమనే పదానికి తావే లేకుండెను. అరిగిన నాగటి కర్రు కొడవలి అయ్యేది. అరిగిన కొడవలి కత్తిపీటకు, కత్తిపీట చిన్న చాకుకు తరిగి, చివరి ముక్క మేకుగా మారి తలుపుకు దిగేది. రైతుకు ఎవరూ ఉపన్యసించలేదు. కర్రు అరిగితే కొలిమికి తీసుకుపోవాలని కాళ్లకే తెలుసు. ఆ కాళ్ల వారసులమే నేడు మేడ ఎక్కి టైరు మీద టైరు పేరుస్తున్నాం.

విడవడం ఎట్లాగో పురాణకథ ఒకటి చెబుతుంది. వృత్రాసురవధకు ఆయుధం కావలసి దేవతలు యాచింపగా దధీచి మహర్షి తన దేహాన్ని విడిచి అస్థులను ఇచ్చాడు. విశ్వకర్మ వాటితో వజ్రాయుధాన్ని నిర్మించాడు. త్యాగానికి నిదర్శనంగా చెప్పుకొనే ఈ కథలో మరొక సూక్ష్మమున్నది. ఇచ్చినవాడు సకాలంలో ఇచ్చాడు. అడిగినవారు అవసరం కలిగి అడిగారు. అందుకొన్నవాడు పని తెలిసినవాడు. ఈ మూడూ కూడినందువల్ల ఎముక వజ్రమయింది. ఒక్కటి లోపించినా అది ఎముకగానే ఉండిపోయేది.

సకాలమన్నది ముందు ఆలోచించవలసిన మాట. సెల్ఫ్ మోటారు కాలిపోతే లోపలి రాగితీగ మాత్రమే పోతుంది. కవచం, ఇరుసు, పళ్ల చక్రం చాలామటుకు నిలిచే ఉంటాయి. దానిని ఆ వారంలోనే వైండింగు చేసేవారికి అప్పగిస్తే, కొత్తది కొనలేని ఒక టాక్సీ డ్రైవరు బతుకుబండి మళ్లీ కదులుతుంది. అదే మోటారు రెండు వర్షాకాలాలు మేడ మీద తడిస్తే తూకానికి తప్ప మరి దేనికీ పనికిరాదు. డైనమో సంగతీ అంతే, గేరుబాక్సు సంగతీ అంతే. నిర్మాణం ఆగిపోయిన నమూనాల అద్దాలు, తలుపు పిడులు, మీటర్లు ఇంకా శీఘ్రంగా విలువ కోల్పోతాయి. ఆ నమూనా బళ్లు రోడ్డు మీద తిరిగినన్నాళ్లే వాటిని వెతికేవారుంటారు. అల్యూమినియం సంగతి తెలిసినవారు దానిని మూలన ఉంచలేరు: ఖనిజం నుండి ఆ లోహాన్ని తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాత ముక్కను కరిగించి కొత్తది చేయవచ్చు. సైలెన్సరు మార్గంలో పొగను శుద్ధిచేసే కన్వర్టరు గూటిలో ప్లాటినం, పెల్లేడియం, రోడియం వంటి అరుదైన లోహాలు పూతగా ఉంటాయి. దానిని ఇనుముతో కలిపి కాటాకు వేయడం అజ్ఞానమే.

పని తెలిసినవాడు అంటే మరమ్మతు చేసేవాడే కానక్కరలేదు. నేర్చుకొనేవాడూ ఆ కోవలోనివాడే. దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థులతో నిండిన ప్రాంతం. ఐటీఐ, పాలిటెక్నిక్ వర్క్‌షాపుల్లో ఇక నడవని ఇంజను ఒకటి బల్ల మీద విప్పి ఉంటే, పిస్టను ఎక్కడ కదులుతుందో, వాల్వు ఎప్పుడు తెరుచుకుంటుందో చేతితో తాకి తెలుసుకొంటారు. పుస్తకంలో పది బొమ్మలు చెప్పలేనిది పాత కార్బురేటరు ఒక్కటి చెబుతుంది. ఇచ్చే ముందు ఆ సంస్థవారికి అది కావాలో లేదో అడగడం మర్యాద. మన మూల ఖాళీ చేసుకోవడానికి పరుల మూల నింపడం దానం కాదు.

ఇక సత్యం గురించి. వృథా పోనీయరాదన్న నియమం కన్నా ప్రాణహాని చేయరాదన్న నియమం పెద్దది. అరిగిన బ్రేక్ షూను, చిట్లిన స్టీరింగు భాగాన్ని, ప్రమాదంలో ఒకసారి బిగిసిన సీటుబెల్టును బాగున్నదని చెప్పి పేదవాని బండికి అంటగట్టేవాడు వస్తువును కాపాడుతున్నాననుకొని మనిషిని పోగొడుతున్నాడు. ఎయిర్‌బ్యాగు ఒక్కసారి విచ్చుకుంటే దాని వ్రతం ముగిసింది; విచ్చుకోనిదానిలో పేలుడు పదార్థం నిద్రించి ఉన్నది గనుక సుత్తితో విప్పదగినది కాదు, తెలిసినవారికే అప్పగించదగినది. లోపమున్న వస్తువును ఇచ్చేటప్పుడు లోపాన్ని కూడా చెప్పి ఇవ్వాలి. "ఇది ఆరేళ్లు నడిచింది, వేడెక్కితే ఆగుతుంది" అన్న ఒక్క వాక్యం వల్ల నాలుగు వందలు తగ్గవచ్చు. ఆ వాక్యం ధర్మానికి కట్టిన సుంకం.

మరుగుపరచరాని విషయం ఇంకొకటి: కొన్ని శేషాలు విషాలు. బ్యాటరీ బరువులో సగానికి మించి సీసమే, తక్కినదానిలో గంధకామ్లం. సీసానికి పిల్లల దేహంలో హానిరహితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ సీసమే శుద్ధి చేసే కర్మాగారానికి చేరితే మళ్లీ మళ్లీ కరిగి కొత్త బ్యాటరీగా పుడుతుంది. పెరట్లో పగులగొట్టి బొగ్గుల మీద కరిగించే చోటికి చేరితే ఆ పొగ పక్కింటి ఉయ్యాల దాకా పోతుంది. కొత్త బ్యాటరీ కొనే చోట పాతదానిని అప్పగించి ధర తగ్గించుకొనే ఆచారం ముందునుండి ఉన్నదే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారుల మీదనే సేకరణ బాధ్యతను మోపాయి. నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని ఆ బ్యాటరీని ఊరూపేరూ తెలియని చేతికి ఇవ్వడం, చేతిలోని అగ్నిని పరుల గడ్డివామికి అప్పగించడం వంటిది.

నూనె మరీ నిశ్శబ్దమైనది. చిన్న కారు ఇంజను నుండి దింపే నల్లని నూనె మూడు లీటర్లుంటుంది. డబ్బాలో పట్టి శుద్ధికి పంపితే మళ్లీ నూనె అవుతుంది, మోరీలో పోస్తే కాలనీ వాలు వెంట దిగువకు పోతుంది. ఆ దిగువన సరూర్‌నగర్ చెరువున్నది. నాలుగు వందల ఏళ్ల కిందట గట్టు పోసినవారు తమ దాహానికి మాత్రమే పోయలేదు. వారి నీటి మీద నేడు తేలే రంగురంగుల పొరను చూచి ఏ వంశం తలవంచుకోవాలి? 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు చుట్టూ కాలనీలు నీట మునిగిన రాత్రులను ఇక్కడివారు మరువలేదు. నాలాలో కుక్కిన టైరు, సీటు దూది, పగిలిన బంపరు నీటికి అడ్డుపడినప్పుడు వాన ఎవరి ఇంటి సామాను ఎవరిదని విచారించదు.

టైరు మాట వచ్చింది గనుక భోగిని తలచక తప్పదు. పాతను విడిచి కొత్తను ఆహ్వానించే ఆ తెల్లవారుజామున పిడకలు, ఎండుకట్టెలు వేసి మంట కాగడం ఆచారం. ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా ఆ మంటలోకి టైరు ప్రవేశించిందో గాని, ఇప్పుడు దానిని వేయవద్దని వేడుకోవలసి వస్తున్నది. పిడక పొగకు అలవడిన సూర్యోదయం టైరు మసికి అలవడదు. మేడ మీద ఉంచిన టైరు మరొక తీరున హింసిస్తుంది: లోపలి వంపులో నిలిచిన దోసెడు వాననీరు డెంగీ దోమకు పురిటిల్లు. సికింద్రాబాదు ప్రాంతంలోనే 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోమను గురించి ప్రపంచానికి తెలిపిన ఊరికి ఈ మాట కొత్త కారాదు. చెప్పులు కుట్టేవారు టైరును చెప్పుగా మార్చి రైతు పాదానికి తొడిగిన కాలమూ ఉన్నది. ఆ చెప్పు అరిగేది కాదు.

పూర్తి వాహనమే శేషమైనప్పుడు బాధ్యత ఇనుమడిస్తుంది. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం నమోదైన తుక్కు కేంద్రానికి బండిని అప్పగిస్తే ధ్రువపత్రం ఇస్తారు. వాహనం నశించిన సంగతిని 14 రోజుల్లో రవాణా అధికారులకు తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. ఛాసిస్ సంఖ్య, నంబరు ప్లేటు అనామకుల చేత పడితే మరణించినవాని పేరుతో మరొకడు తిరిగినట్లే గదా. దేహానికి అంత్యక్రియ ఉన్నట్లే ఈ పత్రాలకూ ఉన్నది.

ఉదయాన ట్రాలీ ఆటో మీద "పాత ఇనప సామాన్లు కొంటాం" అన్న కేక వీధిలో సాగుతుంది. ఆ కేకకు గేటు తీసేవారు కేక వేసినవానిని ఎంతో తక్కువ చేసి మాట్లాడుతారు. కిలోకు రెండు రూపాయల దగ్గర వాదిస్తారు. అతని చేతుల నలుపు తమ ఇంటి నలుపేనని తలచరు. రాగి వేరు, ఇత్తడి వేరు, అల్యూమినియం వేరు అని గీటురాయి లేకుండా చూపుతో చెప్పగలవాడు అతడు. వ్యాపారం సరే, ఎండలో నిలిచినవానికి చెంబెడు నీళ్లు ఇచ్చే ఇల్లు ఈ తెలుగునాట ఏనాడూ లేకపోలేదు.

దసరాకు ముందురోజు సాయంకాలం షెడ్డులో పనిముట్లన్నీ కిరసనాయిలుతో తుడిచి గోనెపట్టా మీద వరుసగా పరుస్తారు. మేస్త్రీ ఆనాటి పాత సామాను మూటను యజమాని ఎదుటనే విప్పుతాడు. ఫిల్టరును ట్రేలో బోర్లించి తెల్లవారేదాకా ఉంచుతాడు. క్లచ్ ప్లేటును లైనింగుకు వేరు పెడతాడు, బేరింగును తూకానికి, బ్రేక్ షూల మీద మళ్లీ ఎవరూ వాడకుండా సుద్దతో అడ్డగీత గీసి ఇనుము కుప్పకు. మూట అడుగున నాలుగు బోల్టులుంటాయి. ఒక్కొక్కదాని మరను బొటనవేలితో తడిమి, చెడని మూడింటిని డబ్బాలో వేస్తాడు. యజమాని డిక్కీ మూస్తాడు. పక్కన నిలుచున్న యువకుడు పూజకు నిమ్మకాయలు తేవడానికి కొత్తపేట వైపు బయలుదేరుతాడు.