పట్టు ఎవరిది?

మోటారు సైకిలుకి గ్రిప్పులు రెండు. చూపుకి ఒకేలా ఉంటాయి కానీ చేసే పని వేరు. ఎడమచేతిది హ్యాండిల్ గొట్టాన్నే అంటిపెట్టుకుని కదలకుండా ఉండాలి. కుడిచేతిది యాక్సిలరేటర్ ప్లాస్టిక్ గొట్టం మీద కూర్చుంటుంది, ఆ గొట్టం హ్యాండిల్ మీద తిరుగుతుంటుంది. అందుకే కుడి గ్రిప్పు బెజ్జం ఒక పిసరు పెద్దది. ఈ సంగతి తెలియక తారుమారుగా తొడగబోయి రబ్బరును తిట్టేవాళ్లను మెకానిక్ షాపు ముందు చాలామందిని చూశాను.

మా ఆర్.కె.పేటలో మరమగ్గాల వాళ్ల బండ్లకు కుడి గ్రిప్పే ముందు పోతుంది. నూలు మూటలు వెనక కట్టుకుని పొదటూరుపేటకీ షోళింగూరుకీ తిరిగే బండ్లు కదా. ఎండకు రబ్బరు పగులుతుంది. మగ్గం నూనె అంటిన చేతులకు మెత్తబడి జిగటవుతుంది. చివరికి లోపలి గొట్టాన్ని వదిలేస్తుంది. అప్పుడు మణికట్టు తిరుగుతుంది, రబ్బరూ తిరుగుతుంది, బండి మాత్రం అందుకోదు. ఇంజను బాగానే ఉంటుంది, పెట్రోలూ ఉంటుంది. మన చేతికీ దానికీ మధ్య ఉన్న సంబంధమే జారిపోయి ఉంటుంది.

నా స్ప్లెండర్‌కి మొన్న ఇదే జరిగితే మార్పించాను. మెకానిక్ అబ్బాయి పాత గ్రిప్పును బ్లేడుతో పొడుగునా కోసి ఒలిచాడు. గొట్టాన్ని కరుచుకున్న పాత జిగురును పెట్రోలు గుడ్డతో పట్టి పట్టి తుడిచాడు. కొత్తదాని లోపల సొల్యూషన్ పల్చగా రాసి, మెలితిప్పుతూ ఒక్క ఊపున తోశాడు. మధ్యలో ఆగితే అక్కడే అతుక్కుపోతుందట. కుడివైపుకొచ్చేసరికి చేయి నెమ్మదించింది. జిగురు రబ్బరుకీ ప్లాస్టిక్‌కీ మధ్యనే ఉండాలి, ప్లాస్టిక్‌కీ ఇనుముకీ మధ్యలోకి కారకూడదు. కారితే తిప్పిన యాక్సిలరేటర్ వెనక్కి రాదు. అందుకే పూర్తిగా తిప్పి వదిలి చూశాడు. టక్కున వెనక్కి వచ్చింది. హ్యాండిల్ ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి మళ్లీ చూశాడు. “రేప్పొద్దుటిదాకా తియ్యొద్దు మామా, ఆరనీ” అని మరో బండి దగ్గరికి పోయాడు.

జిగురు ఆరుతున్నంతసేపూ నా బుర్రలో వైష్ణవుల పాత తగువు ఒకటి తిరిగింది. అది కూడా పట్టు గురించిన తగువే.

రామానుజులు 1017లో పుట్టిన శ్రీపెరుంబుదూరు మాకు దూరమేమీ కాదు. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా కార్లూ మోటారు సైకిళ్లూ తయారయ్యే ఫ్యాక్టరీలు. రామానుజుల తరువాత ఆ వైష్ణవ సంప్రదాయం రెండు పాయలైంది. కంచి తూప్పుల్‌లో పుట్టిన వేదాంత దేశికుల దారి వడగలై. పిళ్లై లోకాచార్యులు, మణవాళ మాముని చూపిన దారి తెంగలై. జీవుడు దేవుణ్ని పట్టుకోవాలా, దేవుడే జీవుణ్ని పట్టుకుంటాడా అన్నదగ్గర ఇద్దరికీ తేడా. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుంటుంది, అది వడగలైవారు చెప్పే మర్కట న్యాయం. పిల్లికూన ఏమీ చెయ్యదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది, అది తెంగలైవారు చెప్పే మార్జాల న్యాయం. ఈ భేదం నామం ఆకారం దాకా పాకింది. కంచి వరదరాజస్వామి గుడిలో ఎవరి పారాయణం ముందన్న పేచీ కోర్టులకెక్కింది.

మర్కట న్యాయం పుస్తకంలో చదవనక్కర్లేదు, షోళింగూరు పెద్దకొండ ఎక్కితే చాలు. యోగ నరసింహస్వామి దాకా 1305 మెట్లు, మెట్టు మెట్టుకీ కోతులు. తల్లి ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదికి దూకుతుంటే పొట్టకింద వేలాడే పిల్ల వేళ్లను ఒకసారి గమనించండి. అది ఎంత కఠినమైన సిద్ధాంతమో అర్థమవుతుంది. జారితే కింద బండరాయే. మరి ముసలివాడి పట్టు సంగతేమిటి? మంచాన పడి, కన్నబిడ్డను కూడా గుర్తుపట్టనివాడి పట్టు సంగతేమిటి?

ఈ భయానికి రెండు పాయలవాళ్లూ తలవంచే జవాబు ఒకటుంది, వరాహ చరమ శ్లోకం. ఒంట్లో శక్తి, మనసులో నిలకడ ఉన్నప్పుడు నన్ను తలచినవాడు కట్టెలా రాయిలా పడి ఉన్నప్పుడు నేను వాణ్ని తలుస్తాను, నేనే తీసుకుపోతాను అని భూదేవితో వరాహస్వామి చెప్పిన మాట దాని భావం. ఇందులో కోతీ ఉంది, పిల్లీ ఉంది. వయసు మళ్లేకొద్దీ నాకు ఈ శ్లోకం మీద గురి ఎక్కువవుతోంది.

షోళింగూరులోనే మరో కథ. 16వ శతాబ్దంలో అక్కడ దొడ్డయాచార్యులనే పండితుడు ఉండేవారు. దేశికుల ‘శతదూషణి’కి ‘చండమారుతం’ అనే వ్యాఖ్య రాసినవారు. ఏటా కంచి వరదుడి గరుడసేవకు వెళ్లే ఆయన ఒక ఏడాది ఒళ్లు సహకరించక ఊళ్లోనే ఉండిపోయారు. కొలనుగట్టున నిలబడి కంచి దిక్కుకు తిరిగి కన్నీళ్లు పెట్టుకుంటే, వరదుడే గరుడుడి మీద అక్కడికి వచ్చి దర్శనమిచ్చాడంటారు. ఇప్పటికీ కంచిలో గరుడసేవనాడు గోపుర ద్వారం దగ్గర స్వామికి ఒక క్షణం గొడుగులు అడ్డుపెడతారు. ఆ క్షణం స్వామి దొడ్డయాచార్యులకు కనిపిస్తున్నాడని లెక్క. దేశికుల పక్షాన అంత పాండిత్యం చూపిన మనిషిని, చివరికి దేవుడు పిల్లికూనను తీసుకుపోయినట్టే ఆదుకున్నాడు. అయితే ఆయన ఇంట్లో నిద్రపోతూ లేరు, కొలనుగట్టున ఏడుస్తున్నారు. ఆ ఏడుపును ఏ లెక్కలో వెయ్యాలి?

దీనికి నాకు జవాబు దొరికింది నా బండి మీదే. వెనక మా ఆవిడ ఒకపక్కకు కూర్చుంటుంది. ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చెయ్యి సీటు వెనక కడ్డీ మీద. ఆ కడ్డీ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. వెనక కూర్చున్నవాళ్ల పట్టును చట్టం నమ్మింది. ముందు మా మనవరాలు. నాలుగేళ్లలోపు పిల్లల విషయంలో చట్టం పట్టును నమ్మదు. బెల్టుతో నడిపేవారికి కట్టాలి, హెల్మెట్ పెట్టాలి, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు అంటుంది. చట్టం మా ఆవిణ్ని కోతి కిందా, మనవరాల్ని పిల్లి కిందా జమకట్టింది.

మనవరాలు ఆ జమను ఒప్పుకోదు. బండి కదలగానే రెండు చేతులూ చాచి గ్రిప్పుల లోపలి అంచులు, నా బొటనవేళ్ల పక్కనే, పట్టుకుంటుంది. “నేనే నడుపుతున్నా తాతా” అంటుంది. ఆ చేతుల బలం హ్యాండిల్‌ని వెంట్రుకవాసి కూడా కదపదు. కానీ అలా అన్నందుకు తిరుత్తణి రోడ్డులో ఇంకో చుట్టు తిప్పుతాను.

శరణాగతిని దేశికులు ‘వ్యాజం’ అన్నది ఇలాంటి చోటనే నాకు అర్థమవుతుంది. అది దయకు కారణం కాదు, దయ చూపడానికి స్వామికి దొరికిన సాకు. తెంగలైవారు వెంటనే అడ్డొస్తారు: ఆ పిల్ల చేతులు పెట్టకపోతే ఎక్కించుకోవా? నిద్రపోయి చేతులు జారితే దించేస్తావా? దించను. ఎడమచేత్తో పొదివి పట్టుకుని నెమ్మదిగా పోతాను. వాళ్ల మాటా నిజమే. ఆ చేతుల వల్ల ఆమె నా మనవరాలు కాలేదు.

మరి ఆ చేతులెందుకు? నా బండి నూలు మూటనూ మోస్తుంది, ఆ పిల్లనూ మోస్తుంది. ఖర్చయ్యే పెట్రోలు ఒకటే. మూటకు తాను ఎక్కడికి పోతోందో, ఎవరు తీసుకుపోతున్నారో తెలియదు. ఆ పిల్లకు తెలుసు, ఆ తెలియడం ఆ చేతుల్లోంచే మొదలైంది. పట్టు వల్ల దయ రాదు. వస్తున్న దయలో మనకూ ఒక చెయ్యి దొరుకుతుంది, అంతే. దొడ్డయాచార్యుల కన్నీళ్లను కూడా నేను ఈ లెక్కలోనే వేస్తాను. అవి వరదుణ్ని లాక్కొచ్చాయని కాదు. వచ్చినవాడు ఎవరో ఆయనకు తెలిసేలా చేశాయని.

మా తరం పూజలు చాలావరకు గొట్టాన్ని వదిలేసిన రబ్బరులా తిరుగుతున్నాయని నాకు అనుమానం. నోరు ఆడుతుంది, చెయ్యి హారతి తిప్పుతుంది, లోపల ఏదీ అందుకోదు. దీనికి ఇంకా గట్టిగా తిప్పడం మందు కాదు. దేవుడు లేడనుకోవడమూ కాదు. అరిగింది మన చేతికి తగిలే భాగమే కాబట్టి ఒలిచి, తుడిచి, కొత్తగా తొడుక్కోవాలి. అయితే జిగురు ఎంతవరకో కూడా తెలియాలి. నా నామమే నామం, నా పారాయణమే ముందు అని కోర్టుకెక్కినవాళ్ల దగ్గర అది లోపలిదాకా కారింది. ఆ పట్టు తిరుగుతుంది, వెనక్కి రాదు.

షోళింగూరు నరసింహుడు కార్తీకంలో కళ్లు తెరుస్తాడని నమ్మకం. ఈ కార్తీకానికి పోదామని మా ఆవిడతో అన్నాను. పెద్దకొండకు ఇప్పుడు రోప్ కారు వచ్చింది, మా మోకాళ్లు 1305 మెట్లకు ఒప్పుకోవు. “అందులో పోతే పుణ్యం తగ్గదా?” అంది. తగ్గదన్నాను. ఎదురుగా ఉన్న చిన్నకొండ మీద యోగాంజనేయుడున్నాడు, 406 మెట్లు. అది మాత్రం ఆగి ఆగి అయినా నడిచే ఎక్కుదామనుకున్నాం. ఆయన దగ్గరికి కోతిపిల్ల పద్ధతిలో పోవడమే మర్యాద.