ఇస్సాకు బావులకు పెట్టిన పేర్లు

ధ్యాన వాక్యభాగము: ఆదికాండము 26:12–33



గడచిన కోత పండుగనాడు ఆరాధన ముగిసి అందరును భోజనమునకు కూర్చుండగా, శామీర్‌పేట వైపు గ్రామమునకు చెందిన ఒక సహోదరుడు నా ప్రక్కకు వచ్చెను. తన ఊరి చెరువు కొరకు యేండ్ల తరబడి పాటుపడుచున్న మనిషి ఆయన. విస్తరి ముందున్నది గాని చేయి కదలుటలేదు. కొంతసేపటికి, “అయ్యగారూ, ఒకప్పుడు రాత్రిపూట వాన చప్పుడు వింటె సంబురమైతుండె. ఇప్పుడు గుబులైతున్నది. నిద్ర పడతలేదు” అనెను.

వాన కొరకు ప్రార్థించుచు పెరిగిన రైతుబిడ్డ వానకు భయపడుట ఏమి? అడుగగా చెప్పెను. మత్తడి దుమికిన నీరు పోవు కాలువను మట్టితో నింపి ప్లాట్లు చేసిరి. వాన ఎక్కువైతే ఆ నీరు ఎవరి ఇంట చొరబడునో అని దిగులు. తక్కువైతే బోర్లు ఎండునని దిగులు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో కాలనీలు మునిగినప్పుడు తాను రెండు రాత్రులు కట్టమీదనే గడిపితిననెను. ఆ దినములలో మేమందరము ఇండ్లలో తలుపులు వేసికొని ఉంటిమి. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నది.

మన ప్రాంతము ఎట్లు మారినదో మీలో పెద్దలు ఎరుగుదురు. శామీర్‌పేట పెద్ద చెరువు నిజాము కాలమునాటిది. చెరువునుబట్టియే వరి, వరినిబట్టియే ఇల్లు. తూము ఎత్తి మడికి నీరు వదలు నీరటికాని మాటకు ఊరంతయు కట్టుబడియుండెడిది. 1999లో జీనోమ్ వ్యాలీ వచ్చెను. తరువాత బయటి వలయ రహదారి వచ్చెను. 2016లో మేడ్చల్ పేరుతోనే జిల్లా యేర్పడెను. పిల్లలకు ఉద్యోగములు దొరకినవి, దానికి దేవునికి స్తోత్రము. అయితే భూమి గజముల లెక్కన అమ్ముడుపోవు చోట శిఖం భూమిని భూమిగానే చూచువారు తరుగుదురు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి ట్రాక్టర్లతో పొలములకు తోలుకొనిరి. ఒక చేతితో పూడిక తీయుచుండగా మరియొక చేయి రాత్రివేళ లారీతో శిథిలములు తెచ్చి అదే చెరువు అంచున పోయుచున్నదని మన సహోదరుని ఏడ్పు.

ఇది క్రొత్త సంగతి కాదు. అబ్రాహాము దినములలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చిరని మన వాక్యభాగములో చదువుచున్నాము. వారు ఆ నీరు త్రాగుటకు తీసికొనలేదు, ఊరకనే పూడ్చిరి. ఇస్సాకు ఆ బావులను తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే వాటికి పెట్టెను. తరువాత అతని పనివారు గెరారు లోయలో క్రొత్త బావి త్రవ్వగా ఊట నీరు పడెను. వెంటనే అక్కడి పశువుల కాపరులు వచ్చి నీరు మాదని జగడమాడిరి. ఇస్సాకు ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టెను. జగడమని దాని భావము. మరియొకటి త్రవ్విరి, దానికొరకును పోరాటమే. దానికి శిత్నా అని పేరు, అనగా విరోధము.

ఈ పేర్ల యొద్ద కొంచెము నిలువుడి. అతడు మనవంటివాడైతే ఏమి చేసియుండును? లోపల మండుచున్నను పైకి నవ్వి, అంతయు దేవుని చిత్తమని చెప్పి, బావికి ఏదో శుభమైన పేరు పెట్టి పోయియుండును. ఇస్సాకు అట్లు చేయలేదు. తనకు కలిగిన నొప్పినే పేరుగా పెట్టెను. దారిన పోవువాడెవడైనను ఇదేమి బావి అని అడిగినచో, జగడపు బావి అని చెప్పవలసినదే. విశ్వాసి తన గాయమునకు సరియైన పేరు పెట్టినందున అతని విశ్వాసము తరుగలేదు. ఆ పేరు పెట్టి, గడ్డపార భుజమున వేసికొని ముందుకు పోయెను.

మన సంఘములలో నేలను నీటిని చెట్టును కాపాడు పని నెత్తిన వేసికొన్నవారు అక్కడక్కడ ఉన్నారు. పంచాయతీలో ఉన్నవారు, బడిలో పిల్లలచేత మొక్కలు పెంచించు టీచరమ్మలు, 2015లో హరితహారము వచ్చినప్పటినుండి నర్సరీలలో సంచులకు మట్టి నింపిన మహిళా సంఘములవారు, కంపెనీలలో పర్యావరణ విభాగము చూచు మన యువకులు. వీరిని మనము మెచ్చుకొందుము. జూన్ 5న మొక్క నాటి వారితో ఫోటో దిగుదుము. నేనును ఆ ఫోటోలలో నిలిచినవాడనే. వేసవిలో ఆ మొక్కకు నీరెవరు పోసిరి, మేకలు తినిపోయినప్పుడు ఆ టీచరమ్మ ఏమనుకొన్నదని మనము అడిగిన దినము లేదు. కంపెనీలో ఉన్న పిల్లవాడు అధికారులకు ఒక మాట, ఊరివారికి ఒక మాట చెప్పలేక నలిగిపోవును. ఇటువారు వానిని కంపెనీవాడందురు, అటువారు ఊరివాడందురు.

ఇంకొక సంగతి. మన సహోదరుడు చివరకు గొంతు తగ్గించి చెప్పినది ఇది: “బిడ్డ పెండ్లికి నేను గూడ అరెకరం అమ్ముకున్న. కొన్నోడు ప్లాట్లు జేసిండు. ఇగ నేను ఎవరికి ఏం జెప్పాలె?” చెరువు గూర్చిన దిగులుకంటె ఈ ముల్లే ఆయనను ఎక్కువగా బాధించుచున్నదని నాకు తోచెను. అదే 26వ అధ్యాయము మొదటి భాగము చూడుడి. ఇదే ఇస్సాకు ప్రాణభయముచేత రిబ్కాను తన సహోదరి అని అబద్ధమాడెను. రాజే దానిని బయటపెట్టి అతనిని మందలించెను. ఆ మచ్చ ఉన్నవాడే బావులు త్రవ్వెను. నిర్దోషి దొరకువరకు బావులు పూడియే ఉండవలెనని దేవుడు నియమింపలేదు. అమ్మిన అరెకరము అమ్మినదే, దానిని మరుగుచేయనక్కరలేదు. మిగిలిన కాలువను గూర్చి మాటాడుటకు అది నోరు కట్టకూడదు.

గోదావరి జిల్లాలవారు నేటికిని ప్రేమతో తలంచుకొను సర్ ఆర్థరు కాటన్ దొర సంగతి మీలో అనేకులు వినియున్నారు. 1833 నాటి గుంటూరు కరువులో లెక్కలేని జనులు చచ్చిన తరువాత, నీరు సముద్రము పాలగుచుండగా మనుష్యులు ఆకలిచే చచ్చుట తగదని పట్టుబట్టినవాడు ఆయన. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. అయితే పని నడుమనే, 1848లో, ఆయన ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియాకు వెళ్లవలసివచ్చెను. కెప్టెన్ ఆర్ అను అధికారి ఆ పనిని తన చేతికి తీసికొనెను. 1850లో కాటన్ తిరిగి వచ్చెను. విగ్రహములలో గుఱ్ఱముమీద ఠీవిగా కూర్చున్న కాటన్‌నే మనము చూచుదుము. పని విడిచి ఓడ ఎక్కిన కాటన్‌ను ఎవరును చెక్కలేదు. ఆ రెండేండ్లు ఆర్ లేకుండినచో ఆనకట్ట ఏమైయుండును?

మోషే సంగతియు అట్టిదే. ఇంత ప్రజను నేనొక్కడనే మోయలేను, ఇట్లయితే నన్ను చంపివేయుమని దేవునితో మొఱపెట్టెను (సంఖ్యాకాండము 11). దేవుడు అతనిని గద్దింపలేదు. ఓర్చుకొనుమనియు చెప్పలేదు. డెబ్బదిమంది పెద్దలను పోగుచేయుమని చెప్పి, అతనిమీది ఆత్మలో పాలు వారికిచ్చెను. భారము పంచుకొనుటకు మనుష్యులనే పంపెను.

ఇస్సాకు మూడవ బావి త్రవ్వినప్పుడు ఎవరును పోరాడలేదు. దానికి రహెబోతు అని పేరు, ఎడము కలిగెనని భావము. అయినను అతని హృదయములోని భయము అంతటితో పోలేదని నా తలంపు. ఎందుకనగా బెయేర్షెబాకు వెళ్లిన ఆ రాత్రియే దేవుడు ప్రత్యక్షమై, భయపడకుమని చెప్పవలసివచ్చెను. పగలు ధైర్యముగా తిరిగినవానికి రాత్రి భయముండునని దేవునికి తెలియును. అక్కడ ఇస్సాకు బలిపీఠము కట్టెను, గుడారము వేసికొనెను, పనివారు మరల బావి త్రవ్విరి. తన్ను వెళ్లగొట్టిన అబీమెలెకు తానే సంధికి వచ్చినప్పుడు ఇస్సాకు అతనితో మంచిగా మాటలాడకమునుపే, మీరు నన్ను ద్వేషించి పంపివేసితిరి గదా అని ముఖముమీదనే అడిగెను. అడిగిన తరువాతనే విందు చేసెను. నీరు పడినదని పనివారు చెప్పవచ్చినది ఆ దినముననే.

కోత పండుగనాడు నేను మన సహోదరునికి పెద్ద ఆదరణ యేమియు చెప్పలేకపోతిని. ఇద్దరము ప్రార్థించితిమి. తరువాత సంఘ పెద్దల కూటములో ఆయన అనుమతితో ఈ సంగతి తెచ్చితిని. ఒక పెద్ద, “ఇది గుడి పనేనా?” అని అడిగెను, కొంత వాదము జరిగెను. చివరకు యౌవనస్థుల సంఘములోనివారు ఇద్దరు, మరియు సంఘ కోశాధికారి, వంతులు వేసికొని ఆయనతోకూడ కట్టమీదికి పోవుటకును, అర్జీలు పట్టుకొని కార్యాలయములకు తిరుగుటకును ఒప్పుకొనిరి. మొన్నటి పెద్దవాన రాత్రి వంతు కోశాధికారిది. తెల్లవారుజామున ఆయన నాకు ఫోను చేసి, మత్తడి దుముకుచున్నదనియు, కట్టకు ఏమియు కాలేదనియు, సహోదరుడు నడిరేయినుండి ఇంటివద్ద పండుకొని ఉన్నాడనియు చెప్పెను.