కొలువు, కొలత

తెలుగులో కొలవడానికి రెండు అర్థాలున్నాయి. గుళ్లో దేవుణ్ణి కొలుస్తారు, కళ్లంలో ధాన్యం కొలుస్తారు. కొలువు అనే మాట ఒకప్పుడు రాజుగారి సభకూ, ఆ సభలో చేసే ఊడిగానికీ చెల్లింది. ఇప్పుడు సర్కారు ఉద్యోగానికి చెల్లుతోంది. నోటిఫికేషన్లు పడినప్పుడల్లా పత్రికలు 'కొలువుల జాతర' అని శీర్షిక పెడతాయి. జాతర అన్న మాట అక్కడ పొసగడానికి కారణం ఉద్యోగానికీ దేవుణ్ణి కొలవడానికీ ఉన్న పాత చుట్టరికమే. కన్నడ దేశంలో ఈ చుట్టరికాన్ని రాతిమీదికే ఎక్కించారు. అప్పటి మైసూరు ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య పట్టుబట్టి కట్టించిన బెంగళూరు విధాన సౌధ 1956లో పూర్తయింది; ప్రభుత్వ పని దేవుడి పని అనే మాట దాని నుదుటి మీద చెక్కి ఉంది.

ఆ మాట నిజమా? ప్రజలకు చేసే నౌకరీ పూజ లాంటిదైతే దాని మంచిచెడ్డలు చేసేవాడి మనసులో తేలాలి. ధాన్యం లాంటిదైతే బయటివాడు కుంచం పట్టుకుని కొలవాలి. ప్రభుత్వ పాలన మీద నూరేళ్లుగా సాగుతున్న పరిశోధనలో చాలా భాగం, పైకి అంకెల్లా కనిపించినా, ఈ ప్రశ్న చుట్టూ తిరిగినదే.

జర్మన్ భాషలో 'బెరూఫ్' అంటే వృత్తి. ఆ మాట లోపల దాగి ఉన్నది పిలుపు. దేవుడి పిలుపు మఠంలో చేరేవారికే వస్తుందని నమ్మే కాలంలో, 16వ శతాబ్దంలో, మార్టిన్ లూథర్ దాన్ని సంసారుల పనిపాటలకూ వర్తింపజేశాడు. ఈ మాట చరిత్రను జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ తవ్వి తీశాడు. 1919 జనవరిలో మ్యూనిక్‌లో రాజకీయం అనే వృత్తి గురించి ఇచ్చిన ప్రసంగంలో అధికారి పరువు ఎక్కడుంటుందో కూడా చెప్పాడు. పై నుంచి వచ్చిన ఆదేశం తప్పని తోస్తే అధికారి ఆ సంగతి చెప్పి చూడాలి. అయినా పైవారు పట్టుబడితే, అది తన సొంత నమ్మకమే అన్నంత నిష్ఠగా అమలు చేయాలి. రాగద్వేషాలు అతని పనిలోకి రాకూడదు.

ఈ ధోరణి గీత చదివిన తెలుగు పాఠకుడికి కొత్తది కాదు, వెబర్‌కూ గీత తెలుసు. అదే ప్రసంగంలో అతను కృష్ణార్జున సంవాదాన్ని ఎత్తుకున్నాడు. ఒక్కో వర్గానికి ఒక్కో ధర్మాన్ని కేటాయించిన వ్యవస్థలో యుద్ధం కూడా ఒక వృత్తిగా ఎలా ఇమిడిపోయిందో చెప్పడానికి గీతను ఉదాహరణగా చూపించాడు. అయితే ఒక తేడా ఉంది. అర్జునుడికి పద్దెనిమిది అధ్యాయాల పాటు ప్రశ్నలు వేసే వెసులుబాటు దొరికింది. గుమాస్తా చేతికి జీవో వస్తుంది. ఆదేశాన్ని నిష్ఠగా అమలు చేయడమే పరువైతే ఆ పరువు ఎంత దూరం పోగలదో 1961లో జెరూసలేంలో, ఆదేశాలే పాటించానన్న నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్ విచారణ చూపించింది. రెండేళ్ల తర్వాత తత్వవేత్త హానా ఆరెంట్ దాని మీద పుస్తకం రాసిన నాటి నుంచి, వెబర్ చెప్పిన అధికారి ధర్మాన్ని ఎవరూ అనుమానం లేకుండా చదవలేకపోయారు.

ఐక్‌మన్ లాంటి వాళ్లు అరుదు. రోజువారీ ప్రశ్న అంతకంటే చిన్నది, అంతకంటే చిక్కైనది. దాన్ని పట్టుకున్నవాడు అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ లిప్‌స్కీ. 1980లో వచ్చిన పుస్తకంలో అతను వీధి స్థాయి ఉద్యోగుల గురించి రాశాడు. బడి పంతులు, కానిస్టేబులు, నర్సు, సంక్షేమ శాఖలో కౌంటరు వెనక కూర్చున్న మనిషి, వీళ్లందరూ జనానికి ఎదురుపడి ప్రభుత్వం తరఫున నిర్ణయాలు చేసేవాళ్లు. శాసనసభలో చేసిన చట్టం కాదు, వీళ్లు రోజూ చేసే నిర్ణయాల మొత్తమే అసలైన విధానం అన్నది లిప్‌స్కీ వాదన. వీళ్లకు పని ఎప్పుడూ తరగదు, చేతిలో ఉన్న వనరులు ఎప్పుడూ చాలవు, నిబంధనలు ఒకదానికొకటి అడ్డొస్తాయి. ఎదుట నిలబడిన మనిషి కష్టమో, ఏ నిబంధనలోనూ సరిగ్గా ఇమడదు. అప్పుడు ఉద్యోగి పని నెట్టుకురావడానికి అడ్డదారులు కనిపెడతాడు. తేలిక కేసులు ముందు తీసుకుంటాడు. కష్టమైనవాటిని 'రేపు రండి' అని పంపిస్తాడు. వరసలో నిలబెట్టడం కూడా ఒక రకం రేషనింగే అని లిప్‌స్కీ గమనించాడు: కూలి పోగొట్టుకుని మళ్లీ మళ్లీ రాలేనివాళ్లు తమంతట తామే తప్పుకుంటారు, ఎవరినీ కాదనవలసిన పని ఉండదు. మండలాఫీసు అరుగు మీద ఒక పూట కూర్చున్నవారికి ఈ సిద్ధాంతాన్ని వివరించనక్కర్లేదు.

లిప్‌స్కీ దీన్ని వ్యవస్థ జబ్బుగా చూశాడు. రాజనీతి తాత్వికుడు బెర్నార్డో జాకా దాన్నే నైతిక ప్రశ్నగా మార్చాడు. ఒక అమెరికన్ నగరంలో పేదలకు సాయం చేసే సంస్థలో అతను ఎనిమిది నెలలు రిసెప్షన్ బల్ల దగ్గర పనిచేశాడు, ఆ అనుభవంతో 2017లో పుస్తకం తెచ్చాడు. ఆ బల్ల దగ్గర మనిషి జారిపోగల వాలులు మూడు అంటాడు. ఒకరు రాయిగా మారతారు: ఎవరు ఏడ్చినా ఫారమే చూస్తారు. ఒకరు కాపలాదారుగా మారతారు: వచ్చిన ప్రతివాడూ దొంగే. మరొకరు కన్నతల్లిగా మారతారు: ఎదుట ఉన్న ఒక్కరి కోసం గంట వెచ్చిస్తే వెనక వరసలో ఉన్న ఇరవై మంది సంగతి మరిచిపోతారు. ఈ మూడో వాలునూ జబ్బుల లెక్కలోనే వేయడం జాకా గొప్పతనం. సేవాభావం ఎక్కువైతే మంచిదే కదా అనే నమ్మకాన్ని అది కుదుపుతుంది. మూడింటి మధ్య నిలదొక్కుకోవడం నిబంధనలు చదివితే వచ్చేది కాదు, రోజూ తనను తాను సరిచూసుకునే అభ్యాసం కావాలి అని అతను అంటాడు. మన వాడుకలో దాన్ని సాధన అంటారు.

ఇదే మాట ఇరవై రెండు శతాబ్దాల ముందు రాతి మీదకు ఎక్కింది. కళింగంలో ధౌళి, జౌగడ దగ్గర అశోకుడు చెక్కించిన ప్రత్యేక శాసనం అక్కడి మహామాత్రులను, అంటే ఉన్నతాధికారులను ఉద్దేశించినది. న్యాయం చెప్పే పనిలో మనిషిని చెడగొట్టే గుణాలను అందులో వరసగా పేర్కొన్నాడు: అసూయ, కోపం, క్రూరత్వం, తొందర, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. కోపం, అసూయ ఏ నీతిశాస్త్రంలోనైనా ఉంటాయి. వాటి సరసన అలసట ఎందుకు చేరింది? అలిసిపోయిన అధికారి వల్ల నిర్దోషి చెరలో పడతాడని ఆ రాజుకు తెలుసు కాబట్టి. కౌటిల్యుడి చూపు వేరు. అర్థశాస్త్రం అధికారులు ఖజానా సొమ్ము మింగే మార్గాలను నలభైగా లెక్కపెట్టి, వాటికి శిక్షలు చెప్పింది. అశోకుడిది మనసును దిద్దే దారి, కౌటిల్యుడిది చేతిని కట్టే దారి. తర్వాతి కాలపు పరిశోధన అంతా ఈ రెండు దారుల మధ్య ఊగుతూ వచ్చింది.

ఇక్కడ నిష్కామ కర్మ గురించి ఒక అనుమానం తీర్చుకోవాలి. ప్రభుత్వోద్యోగుల శిక్షణ తరగతుల్లో, పదవీ విరమణ సభల్లో ఎక్కువగా వినపడే గీతా బోధ ఇదే. ఫలం మీద ఆశ లేకుండా పనిచేయమంటే లంచం ఆశ లేకుండా, పదోన్నతి ఆశ లేకుండా అని అర్థం చేసుకుంటే ఇబ్బంది లేదు. కానీ ఫలం అంటే పని ఫలితం అని కూడా అర్థం ఉంది. పింఛను ముసలమ్మకు అందిందా లేదా అన్న చింత లేకుండా ఫైలు మీద సంతకం పెట్టి పంపేసిన గుమాస్తా కూడా ఒక లెక్కన ఫలాపేక్ష లేనివాడే, జాకా చెప్పిన రాయి అతనే. మానవ శాస్త్రవేత్త అఖిల్ గుప్తా 2012లో ప్రచురించిన 'రెడ్ టేప్' ఇంకా కలవరపెట్టే సంగతి చెబుతుంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్ ఆఫీసుల్లో ఆయన చూసిన అధికారుల్లో కొందరికి పేదల మీద కనికరం ఉంది, పథకాలున్నాయి, డబ్బూ ఉంది. అయినా ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అన్నది గాలివాటుగానే తేలేది. మనసు మంచిదైనంత మాత్రాన ఫలితం మంచిది కాదు. గీతలోనే మూడో అధ్యాయంలో లోకసంగ్రహం అనే మాట ఉంది. లోకం నిలబడటం కోసం పనిచేయడం అని. ఫలాన్ని తనకోసం కోరకుండా, ఎదుటివారి విషయంలో మాత్రం వదలకుండా పట్టుకోవడం అని దాన్ని చదివితే ప్రభుత్వోద్యోగికి అది ఎక్కువ పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖలో పనిచేసి, వెట్టిచాకిరీ విముక్తి కోసం పాటుపడిన ఎస్.ఆర్. శంకరన్ పద్మభూషణ్‌ను వద్దన్నారు. తన ఫలం మీద ఆయనకు ఆశ లేదు. వెట్టి మనిషి ఫలం మీద మాత్రం ఆయన పక్షపాతి. వెబర్ కొలబద్దకు ఈ మనిషి లొంగడు.

అయితే అందరూ శంకరన్లు కారు. అలాంటప్పుడు ఉద్యోగిని దారిలో పెట్టేది లోపలి సాక్షా, బయటి తనిఖీయా? 1940 ప్రాంతంలో కార్ల్ ఫ్రీడ్రిక్, హెర్మన్ ఫైనర్ అనే ఇద్దరు పండితులు ఈ విషయం మీద కలబడ్డారు. వృత్తి పట్ల గౌరవం, లోపలి బాధ్యత లేకుండా ఏ నియంత్రణా పనిచేయదని ఫ్రీడ్రిక్ అన్నాడు. లోపలి బాధ్యత ఒక్కటే చాలనడం నిరంకుశత్వానికి దారి అనీ, ఎన్నికైనవారికి జవాబు చెప్పి తీరాలనీ ఫైనర్ అన్నాడు. తెలుగులో ఈ తగాదాకు ఒకే మాట సరిపోతుంది: పైవాడు. దేవుడూ పైవాడే, పై అధికారీ పైవాడే. ఎవరు చూస్తున్నారన్నదే పేచీ.

తెలుగు నేల మీద ఈ పేచీని అంకెలతో పరీక్షించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికీ, పింఛన్లకూ వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా మీద అధ్యయనం చేశారు. ఏ మండలానికి కార్డులు ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది చీటీలు వేసినట్టు నిర్ణయించారు. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం కూలి డబ్బు త్వరగా చేతికొచ్చింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. కానీ కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లించే వీలును అక్కడ మూసేయలేదు. అరిగిన వేళ్ల మీద గీతలు కనపడని కూలీకి అదే దిక్కు. యంత్రం గుమాస్తా చేతిని కట్టింది గానీ మనిషి నిర్ణయానికి కొంత చోటు మిగిల్చింది. 2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కుల పంపిణీ సమయంలో ఇంకా చిన్న పని చేశారు. రైతులకు ఫోన్ చేసి అందిందో లేదో అడుగుతామని కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. పంపిణీ కొద్దిగానే మెరుగైంది, ఖర్చు అంతకంటే చాలా తక్కువ. అడిగేవాడు ఒకడున్నాడని తెలియడం, అంతే.

మరి లోపలి సేవాభావాన్ని కొలవగలమా? 1990లో జేమ్స్ పెర్రీ, లోయిస్ వైజ్ అనే పరిశోధకులు దాన్ని ప్రజాసేవా ప్రేరణ పేరుతో నిర్వచించారు. 1996లో పెర్రీ నాలుగు పాళ్లతో ఒక కొలమానం తయారుచేశాడు: విధానాల పట్ల ఆసక్తి, ప్రజాహితానికి కట్టుబాటు, కరుణ, ఆత్మత్యాగం. ఆత్మత్యాగాన్ని ప్రశ్నాపత్రంలో గళ్లు నింపించి లెక్కగట్టడం భక్తిని తూకం వేసినట్టే ఉంటుంది. నోటితో ఒప్పుకున్న త్యాగం ఎంత నిజమో తెలియదు కూడా. అందుకే ఆర్థికవేత్తలు రెమా హన్నా, షింగ్-యీ వాంగ్ మాటలు అడగకుండా పాచికలు ఇచ్చారు. విద్యార్థులు ఎవరూ చూడకుండా 42 సార్లు వేసి, పడ్డ అంకెలను తామే రాసుకోవాలి. అంకె పెద్దదైతే డబ్బు ఎక్కువ. నమ్మశక్యం కానంత అదృష్టం రాసుకున్నవారిలోనే ప్రభుత్వోద్యోగం కోరేవారు ఎక్కువని తేలింది. ఈ పరీక్ష జరిగింది బెంగళూరులో, అంటే ప్రభుత్వ పని దేవుడి పని అని చెక్కిన ఊళ్లోనే. డెన్మార్క్‌లో ఇలాంటి పరీక్షే పెడితే ఫలితం తిరగబడింది. అక్కడ నిజాయితీపరులే సర్కారు కొలువు వైపు మొగ్గారు. తేడా మనుషుల పుట్టుకలో లేదు, ఆ కుర్చీ ఏం ఇస్తుందని ఊరు అనుకుంటుందో అందులో ఉందనుకోవాలి.

సొంత లాభం ఆశ చూపితే సేవాభావం చస్తుందన్న భయానికి జాంబియాలో జవాబు దొరికింది. 2010లో అక్కడ గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల నియామకానికి కొన్ని జిల్లాల్లో సమాజ సేవ గురించి, కొన్నిటిలో ఉద్యోగంలో ఎదుగుదల గురించి పోస్టర్లు వేశారు. ఎదుగుదల చూసి చేరినవారు ఇళ్లకు వెళ్లడం 29 శాతం ఎక్కువ. వారి పరోపకార బుద్ధి సేవ కోసం చేరినవారికంటే తక్కువేమీ కాదు.

ఈ ఫలితం తెలుగునాట అందరికంటే ముందు చదవవలసింది అంగన్‌వాడీల గురించి నిర్ణయించేవారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైన నాటి నుంచి వాళ్లది స్వచ్ఛంద సేవ, వాళ్లకిచ్చేది గౌరవ వేతనం. గౌరవం ఉన్నచోట వేతనం తక్కువ కావడం ఆ మాట లోపలే ఉంది. అది ప్రభుత్వ పదవి కాదని 2006లో సుప్రీంకోర్టు అన్నది. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులని 2022లో అదే కోర్టు అన్నది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు వేతనాల పెంపు కోసం, గ్రాట్యుటీ కోసం సమ్మెకు దిగారు. జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది: వాళ్లు చేసేది అత్యవసర సేవ కాబట్టి ఆపడానికి వీల్లేదు. సేవ అన్న ఒకే మాట జీతం అడిగినప్పుడు పనిని చిన్నది చేసింది, పని ఆపినప్పుడు పెద్దది చేసింది. సమ్మె 42 రోజులు సాగి చర్చలతో ముగిసింది. వాళ్లకు అందేదాని పేరు గౌరవ వేతనంగానే ఉంది.