మళ్లీ పుట్టిన ఆట అదేనా?

మానీ కలవేరా ట్రావెల్ ఏజెంట్. అతని దగ్గరికి వచ్చే ప్రయాణికులంతా చచ్చిపోయినవాళ్లే. బతికున్న రోజుల్లో మంచిగా నడుచుకున్నవాళ్లకు నంబర్ నైన్ రైలు టికెట్ రాసిస్తాడు. వాళ్లు నాలుగు నిమిషాల్లో శాశ్వత విశ్రాంతి దొరికే చోటికి చేరిపోతారు. పుణ్యం చాలనివాళ్లు చేతికర్ర పట్టుకుని నాలుగేళ్లు నడవాలి. ఇది 'గ్రిమ్ ఫాండాంగో' అనే కంప్యూటర్ ఆటలోని కథ. అమెరికాలోని లూకస్‌ఆర్ట్స్ సంస్థ 1998లో దాన్ని విడుదల చేసింది. రూపకర్త టిమ్ షేఫర్. మెక్సికోలో ఏటా నవంబరు మొదట్లో జరిగే మృతుల పండుగ, ఆత్మ నాలుగేళ్లు నడిచి తొమ్మిదో అధోలోకానికి చేరుతుందన్న ఆజ్టెక్ నమ్మకం, 1940ల నాటి హాలీవుడ్ నేరకథా చిత్రాలు, ఈ మూడింటినీ కలిపి అల్లిన ఆట అది.

చావు తర్వాతి ప్రయాణాన్ని చెప్పిన ఆ ఆటకే చావు వచ్చింది. అది ఒక్కరోజులో రాలేదు.

ఆటలో ఒకచోట మానీ ఫోర్క్‌లిఫ్ట్ బండిని లిఫ్టులోకి ఎక్కించాలి. లిఫ్టు కదులుతుండగా రెండు అంతస్తుల మధ్య ఒక రహస్యపు గది తలుపు క్షణకాలం ఎదురవుతుంది. సరిగ్గా అప్పుడే బండిని ముందుకు ఉరికించి, దాని ఇనుప కోరల్ని సందులో దూర్చి లిఫ్టును ఆపాలి. 1998 నాటి కంప్యూటర్ల మీద ఆ క్షణం మనిషి చేతికి అందేంత పొడవుండేది. అంతకంటే వేగమైన ప్రాసెసర్లు వచ్చేసరికి లిఫ్టు రెప్పపాటులో దాటిపోవడం మొదలైంది. ఆట చెడిపోలేదు, సీడీ మీద గీత పడలేదు, ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారలేదు. అయినా కథ అక్కడే ఆగిపోయేది. దానికోసం లూకస్‌ఆర్ట్స్ ఒక ప్యాచ్ విడుదల చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత విండోస్ మారింది, గ్రాఫిక్స్ కార్డులు మారాయి. ఆ కాలపు సీడీల్లో చాలావాటి ఇన్‌స్టాలర్లు 16 బిట్‌వి కావడంతో 64 బిట్ విండోస్ వాటిని తెరవనే తెరవలేదు. 2012లో డిస్నీ లూకస్‌ఫిల్మ్‌ను కొన్నది. మరుసటి ఏడాది లూకస్‌ఆర్ట్స్‌లో ఆటల తయారీ ఆగిపోయింది.

తర్వాత 2015 జనవరిలో ఆట మళ్లీ వచ్చింది. షేఫర్ 2000లో పెట్టుకున్న డబుల్ ఫైన్ సంస్థే దాన్ని కొత్త యంత్రాలకు తగ్గట్టు తీర్చి విడుదల చేసింది. పీటర్ మెక్‌కానెల్ సంగీతాన్ని మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రా కొత్తగా వాయించింది. పాత్రల ఒంటి మీది రంగులకు నునుపు వచ్చింది, నీడలు కదిలాయి. మౌస్‌తో నొక్కి ఆడే పద్ధతి చేరింది. దాన్ని మొదట తయారుచేసింది సంస్థ కాదు, ఒక అభిమాని.

2015లో వచ్చిన ఆట 1998 నాటి ఆటేనా?

తెలుగు పాఠకుడికి ఈ ప్రశ్న కొత్తది కాదు, వేషమే కొత్తది. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటేనా అన్న చర్చ మిళింద రాజుకూ నాగసేన భిక్షువుకూ మధ్య నడిచినట్టు 'మిళిందపఞ్హ' అనే బౌద్ధ గ్రంథం చెబుతుంది. మిళిందుడంటే వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మెనాండర్. భిక్షువు సమాధానం ప్రసిద్ధం. ఆ మంట అదీ కాదు, వేరొకటీ కాదు. ఒకదాన్ని పట్టుకుని మరొకటి పుట్టుకొచ్చిన వరస అది. పాలు పెరుగైనట్టు, పసివాడు పెద్దవాడైనట్టు.

న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. నిన్న చూసినదాన్ని ఇవాళ చూసి "ఇది అదే" అని గుర్తుపడుతున్నామంటే, నిన్నటినుంచి ఇవాళ్టిదాకా నిలిచినది ఏదో ఉండాలి కదా అన్నారు. ఈ గుర్తుపట్టడాన్నే ప్రత్యభిజ్ఞ అన్నారు. బౌద్ధులు దానికీ జవాబిచ్చారు. జుట్టు తీయించుకున్నాక మళ్లీ మొలిచిన జుట్టును చూసి "అదే జుట్టు" అంటాం. పోలిక ఉంది కాబట్టి అలా అనిపిస్తుంది, అంతే.

పాత ఆట కొత్తగా కొని ఆడినవాళ్లకు మొదట కలిగేది ప్రత్యభిజ్ఞే. ఆ పాట, ఆ గొంతు, ఆ మెట్లు. ఆ క్షణంలో ఎవరికీ సందేహం రాదు. సందేహమంతా దాన్ని తిరిగి నిలబెట్టాల్సినవాళ్లకే. ఏది ఉంచాలి, ఏది వదలాలి? అద్వైతులు "ఆనాటి దేవదత్తుడే ఈ దేవదత్తుడు" అన్న వాక్యాన్ని విడమరిచేటప్పుడు ఆనాటి ఊరినీ కాలాన్నీ, ఈనాటి ఊరినీ కాలాన్నీ పక్కకు తీసేసి, మిగిలిన మనిషిని చూపిస్తారు. కొత్త కంప్యూటర్ మీద పాత ఆటను నడిపించే ఇంజనీర్ చేసేదీ ఈ తీసివేతే. కాకపోతే అతనికి పెద్ద చిక్కుంది. దేవదత్తుడి మీది పాత బట్ట ఏదో, దేవదత్తుడు ఏదో ముందుగా చెప్పే శాస్త్రం అతని చేతిలో లేదు.

జపాన్‌లో 1978లో టోమోహిరో నిషికాడో చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' తీసుకోండి. తెర మీద 55 మంది శత్రువులు వరసగా దిగివస్తుంటారు. ఆ కాలపు చిప్‌కు అంతమందిని ఒకేసారి కదిపే శక్తి లేదు. ఒక్కో శత్రువు చచ్చేకొద్దీ చిప్ మీద భారం తగ్గి, మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. చివరికి మిగిలిన ఒక్కడు పరుగెడతాడు. అది యంత్రపు బలహీనత. నిషికాడో దాన్ని సరిదిద్దలేదు, ఆటకు అదే ఊపిరి అని కనిపెట్టి ఉంచేశాడు. ఇవాళ్టి ఫోన్‌కు ఆ భారం లెక్కలోకే రాదు. కాబట్టి ఆ ఆటను ఇవాళ నిజాయితీగా నడపాలంటే ఆనాటి బలహీనతను పనిగట్టుకుని మళ్లీ కల్పించాలి. లోపం స్వభావమైపోయింది.

'గ్రిమ్ ఫాండాంగో'లోనూ ఇలాంటిదే ఉంది. మృతులంతా మెక్సికో పండుగల్లో కనిపించే కాగితపు గుజ్జు అస్థిపంజరాల బొమ్మల్లా ఉంటారు. ఆనాటి కంప్యూటర్లు ముఖంలో కండ కదలడాన్ని చూపలేవు. బొమ్మ పుర్రె మీద కళ్లూ నోరూ గీస్తే చాలు. యంత్రానికి చేతకానిదాన్ని షేఫర్ ఆ లోకపు అందంగా మలిచాడు. డబుల్ ఫైన్ ఆ సంగతి తెలిసిన సంస్థ కాబట్టి ముఖాలకు కండ తొడగలేదు. ఒక మీట నొక్కితే కొత్త మెరుపు పోయి 1998 నాటి రూపం తెర మీదికి వచ్చే ఏర్పాటు కూడా ఉంచింది. పాత ఆటలను మళ్లీ అమ్ముతున్న ప్రతి సంస్థా తప్పక చేయాల్సిన పని ఇది. పాతదాన్ని దాచేసి కొత్తదాన్ని ఇదే అదని చూపడం న్యాయం కాదు.

అయితే ఆట అంటే సీడీలోని ఫైళ్లేనా? ఆలంపురం వెళ్లినవాళ్లు సంగమేశ్వరాలయం చూసే ఉంటారు. ఒకప్పుడు ఆ గుడి కూడవెల్లిలో, కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండేది. శ్రీశైలం జలాశయంలో ఊరు మునిగిపోతుందని ఆ చాళుక్యుల గుడిని రాయి రాయిగా విప్పి ఆలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. రాళ్లన్నీ అవే, వరసా అదే. పేరులోని సంగమం మాత్రం గుడి ముందు లేదు. గుడి తరలిరాకపోతే అసలే మిగిలేది కాదు, కాబట్టి ఆ శ్రమకు దండం పెట్టాల్సిందే. కానీ రాళ్లతో పాటు నది రాలేదన్న సంగతీ నిజమే.

పాత ఆటకు నది లాంటిది దాని చుట్టూ ఉండిన యంత్రం. ఆ యంత్రం ఎంత లోతుగా ఆటలో కలిసిపోయి ఉంటుందో 'జీటీఏ శాన్ ఆండ్రియాస్' చెబుతుంది. తెలుగు ఊళ్ల నెట్ సెంటర్లలో అదే వరసలోని 'వైస్ సిటీ'తో పాటు కుర్రాళ్లు ఆడిన ఆట ఇది. కంప్యూటర్లకు 2005లో వచ్చింది. 2024లో విండోస్ 11కు 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక, అందులోని స్కిమ్మర్ అనే నీటి విమానం మాయమైపోయింది. ఎవరైనా దాన్ని బలవంతంగా రప్పించి ఎక్కితే ఆటగాడు ఆకాశంలో అంతుచిక్కనంత ఎత్తుకు విసిరేయబడ్డాడు. అంతా కొత్త విండోస్‌నే తప్పుబట్టారు. ఆ ఆటను ఏళ్లుగా బాగుచేస్తూ వస్తున్న ఒక ప్రోగ్రామర్ తవ్వి చూస్తే అసలు సంగతి బయటపడింది. వాహనాల వివరాలుండే ఫైలులో స్కిమ్మర్ వరసలో చక్రాల కొలత అంకెలు రాయడం మరిచిపోయారు. ప్రోగ్రాం ఆ అంకెలు ఉన్నాయో లేవో చూసుకోదు. మెమరీలో ఆ చోట ఏం పడి ఉంటే అదే తీసుకుంటుంది. అక్కడ అంతకుముందు చదివిన వ్యాన్ తాలూకు చక్రాల అంకెలు మిగిలి ఉండేవి. దాదాపు 20 ఏళ్లు, ఎన్ని విండోస్‌లు మారినా, ఆ చోటును ఎవరూ తాకలేదు. కొత్త విండోస్ తన సొంత పనికి ఆ చోటును వాడుకుంది. అంకెలు చెరిగిపోయాయి, విమానం పోయింది.

యాగం ఇవాళ జరిగితే ఫలం ఎప్పుడో వస్తుంది, మధ్యలో దాన్ని మోసేదేమిటి అన్న ప్రశ్నకు మీమాంసకులు 'అపూర్వం' అనే కనబడని శక్తిని జవాబుగా చెప్పారు. రాయకుండా వదిలిన ఆ అంకెల సంగతి చదివితే ఆ ఊహ ఎందుకు అవసరమైందో తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఇన్నేళ్లూ ఆ విమానాన్ని ఎగరనిచ్చింది ఆట ఒక్కటే కాదు, ఆటకు తోడుగా విండోస్ తాకకుండా వదిలిన చోటు కూడా. తనంతట తానుగా నిలిచే వస్తువేదీ లేదని, ప్రతిదీ మరికొన్నింటిని ఆనుకుని పుడుతుందని చెప్పిన బౌద్ధుల మాటకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకదు. ఆటలో ఎక్కడో మార్పులేని ఆత్మ ఉందనుకునేవాళ్లకు అది ఏ ఫైలులోనూ దొరకదు.

అందుకే డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్లు ఆటను ముట్టుకోవు. పాత కంప్యూటర్‌నే కొత్త కంప్యూటర్ లోపల కట్టి, ఆటను అందులో ఉంచుతాయి. 2001లో మొదలైన స్కమ్‌వీఎం పద్ధతి వేరు. అది ఆట బొమ్మల్నీ మాటల్నీ ఉంచి, వాటిని నడిపే ఇంజిన్‌ను కొత్తగా రాస్తుంది. 'గ్రిమ్ ఫాండాంగో'ను ఈ దారిలో బతికించిన రెసిడ్యువల్‌వీఎం ప్రాజెక్టు 2020లో స్కమ్‌వీఎంలోనే కలిసింది. ఒకటి లోకాన్ని తెస్తుంది, ఇంకొకటి దేహాన్ని మారుస్తుంది. రెండింటిలోనూ చూడాల్సింది ఒక్కటే: ఆటగాడు మీట నొక్కినప్పుడు వచ్చే జవాబు, ఆనాటి కాలవ్యవధితోనే వస్తోందా? ఆ లిఫ్టు మనిషి చేతికి అందుతోందా? నాగసేనుడు చెప్పిన వరస తెగలేదనడానికి అంతకుమించిన గుర్తు అక్కర్లేదు.

వరస తెగితే ఏమవుతుందో 2012లో వచ్చిన 'సైలెంట్ హిల్ హెచ్‌డీ కలెక్షన్' చూపించింది. 2001 నాటి 'సైలెంట్ హిల్ 2'కు ప్రాణం పొగమంచు. దాన్ని మళ్లీ చేయబోయినవాళ్లకు చివరగా విడుదలైన సోర్స్ కోడ్ దొరకలేదు. ఆట హక్కులున్న కొనామి సంస్థ అంతకుముందు దశలోని అసంపూర్తి కోడ్ ఇచ్చింది. ఎప్పుడో సరిదిద్దిన తప్పుల్ని మళ్లీ వెతికి సరిదిద్దుకోవాల్సి వచ్చింది. మంచు పలచబడింది. దాని చాటున ఉండాల్సిన, ఎవరూ చూడకూడని లోకపు అంచులు బయటపడ్డాయి.

మన ఆగమాల్లో జీర్ణోద్ధరణకు ఒక క్రమం ఉంది. పాత కట్టడం మీద ఉలి పడకముందే, మూర్తిలోని శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి బాలాలయం అనే తాత్కాలిక గుడిలో ఉంచుతారు. పని పూర్తయ్యాకే తిరిగి మూలమూర్తిలోకి. తిరుమలలో 12 ఏళ్లకోసారి జరిగే మహాసంప్రోక్షణలో, 2018 ఆగస్టులోనూ జరిగింది ఇదే. యాదాద్రిలో 2016 నుంచి 2022 మార్చి దాకా భక్తులు బాలాలయంలోనే దర్శనం చేసుకున్నారు. ఆ క్రతువులో ఏముందని నమ్మాలో ఎవరి నమ్మకం వారిది. వరస మాత్రం గొప్పది: ముందు అందుకోవడం, తర్వాతే విప్పడం. కంప్యూటర్ ఆటల ప్రపంచం దీన్ని తిరగేసింది. యంత్రాన్ని పారేసి, సంస్థను మూసేసి, పదేళ్ల తర్వాత ఏం మిగిలిందని వెతకడం మొదలుపెడుతుంది. 'గ్రిమ్ ఫాండాంగో' శబ్దాలు పాత డీఎల్‌టీ టేపుల మీద ఉండిపోతే, వాటిని చదివే డ్రైవ్ లూకస్‌ఆర్ట్స్ పాత సౌండ్ ఇంజనీర్ ఒకరి దగ్గర మిగిలి ఉండబట్టి బయటికొచ్చాయి. అతను ఆ డ్రైవ్ దాచి ఉండకపోతే మానీ గొంతును ఆ నాణ్యతతో వినే అవకాశం ఉండేది కాదు.

అలాంటి మనిషి ప్రతి ఆటకూ దొరకడు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికి ఎక్కడా అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. భద్రపరిచిన పాత ఆటలను దూరాన ఉన్న పరిశోధకులు ఆడి చూసేలా లైబ్రరీలకు మినహాయింపు ఇవ్వాలన్న అభ్యర్థనను 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ ఆఫీస్ తోసిపుచ్చింది. కాబట్టి అవి చూడాలనుకునే పరిశోధకుడు ఇప్పటికీ ఆ లైబ్రరీ ఉన్న ఊరికి వెళ్లాల్సిందే. ఈ మినహాయింపులను మూడేళ్లకోసారి సమీక్షిస్తారు. తర్వాతి వంతు 2027లో.