ముందు వరుస గాలి

కుప్పానికి సముద్రం చాలా దూరం. అయినా బెంగళూరులో సముద్రపు గాలిమరల లెక్కలు చూసే మా మేనకోడలు సెలవుకొస్తే మాటలు అక్కడికే పోతాయి. ఈసారి వాదం నేనే పెట్టుకున్నాను.

"ఏడాదికి ఇంత కరెంటు వస్తుందని మీ లెక్క చెప్పింది. అంతే వచ్చింది. ఇంకేం పరీక్ష కావాలమ్మీ?"

"అది చాలదు మామా. ఒక దిక్కు గాలికి ఎక్కువ చెప్పి, ఇంకో దిక్కుకు తక్కువ చెప్పినా మొత్తం సరిపోతుంది. తప్పుకు తప్పు చెల్లు. అదే లెక్కను ఇంకో సముద్రానికి తీసుకుపోతే మునిగిపోతాం."

దిక్కును బట్టి తేడా ఎందుకంటే, రెక్కలు దాటిన గాలి జోరు తగ్గి, సుడులు తిరుగుతూ వెనక మరకు తగులుతుంది. దాన్నే వేక్ అంటారు. గాలి వేగం పది శాతం తగ్గితే అందులోని శక్తి 27 శాతం పోతుంది. డెన్మార్క్‌లోని రీసో ప్రయోగశాలలో ఎన్.ఓ. యెన్సెన్ 1983లో రాసిన సూత్రంలో ఈ వేక్ ఎంత త్వరగా విచ్చుకుంటుందో చెప్పేది ఒక్క అంకె. నేల మీద 0.075 వాడితే, నునుపైన సముద్రం మీద 0.04, 0.05 వాడతారు. అక్కడ వేక్ చాలా దూరం చెదరదు.

"డెన్మార్క్ సముద్రంలోని హార్న్స్ రెవ్‌లో 80 మరలు, 560 మీటర్లకు ఒకటి. 2002 నుంచీ తిరుగుతా ఉండాయి. ఇట్లాంటి లెక్కలు చాలావాటికి పరీక్ష అక్కడే. గాలి సరిగ్గా వరుస వెంబడి వీచినప్పుడు మాత్రం లెక్క చెప్పిన నష్టం ఎక్కువ, మరలు చూపించింది తక్కువ."

"అంటే లెక్క తప్పే కదా!"

"తొందరపడొద్దు మామా. పది నిమిషాల సగటు దిక్కు 270 డిగ్రీలని రాసుంటుంది. ఆ పది నిమిషాల్లో గాలి అటూ ఇటూ ఊగింది. లెక్క మాత్రం అది కదలలేదనుకుంది. ఆ ఊగుడును కూడా కలిపి చూస్తే తేడా బాగా తగ్గింది."

లెక్కను నిలదీసే ముందు కొలతను నిలదీయాలన్న ఆ మాట నాకు నచ్చింది. కానీ అసలు చిక్కు ఇంకా లోతున ఉంది. మా పక్క చేనులో బోరు వేశాక మా బోరులో నీళ్లు తగ్గాయి. అది లేకుంటే మాకు ఎన్ని వచ్చేవో ఎవరు చెప్తారు? లేని లోకాన్ని ఎట్లా కొలుస్తాం? అదే అడిగాను.

"అందుకే ముందు వరుసకు తగిలేది ఎవరూ ముట్టని గాలి అనుకుని, దాంతో వెనక వరుసల్ని పోలుస్తాం" అంది.

"ముట్టలేదని ఎట్లా తెలుసు?"

"తెలీదు మామా. అన్ని మరలూ కలిసి అడ్డుపడితే గాలి ముందు వరుసకు రాకముందే నెమ్మదిస్తుంది. 2019 అక్టోబరులో ఓర్స్టెడ్ కంపెనీ ఆ అడ్డునూ వేక్‌నూ కూడా తక్కువ అంచనా వేశామని బయటికి చెప్పి, రాబడి లెక్కలు తగ్గించుకుంది."

కొలబద్ద కూడా ఆ గాలిలోనే నిలబడి ఉందన్నమాట! అయినా ఇక నిజం దొరకదని చేతులెత్తేయడం నాకు ఒప్పదు. కొన్ని మరల్ని కాసేపు ఆపి, మళ్లీ తిప్పి తేడా చూడొచ్చు. ఒకచోట అంకె సరిచేసుకుంటే పరీక్ష ఇంకోచోట పెట్టొచ్చు.

"మన సముద్రంలో ఇంకా ఒక్క మరా తిరగడం లేదు. గుజరాత్, తమిళనాడు తీరాల్లో 1,000 మెగావాట్లకు 2024 జూన్‌లో కేంద్రం 7,453 కోట్లు ఒప్పుకుంది. ఎవరూ ముట్టని గాలిని కొలవాలంటే ఇదే సమయం" అంది.

"అయితే మరలు లేవకముందే దిక్కుదిక్కుకూ మీ అంచనా, మీ అనుమానం ఎంతో రాసి సీలు వేయించండి. తర్వాత దిద్దుకోకూడదు."

"అడుగుతాం మామా. ఒప్పుకోవాల్సింది డబ్బు పెట్టేవాళ్లు."