రెప్ప ఎవరి మాట వింటుంది?

గడ్డం పైకెత్తి చూసే పిల్లవాణ్ణి మనం పొగరుబోతు అంటాం. రెప్ప సగం వాల్చుకుని కూర్చున్నవాణ్ణి నిద్రమొహం అంటాం. ఒక్క కండరం చేసే పనిని బట్టి మనిషి గుణం తేల్చేసే హక్కు మనకెవరిచ్చారు?

ధవళేశ్వరం రామపాదాల రేవులో ఆమధ్య అలాంటి పిల్లవాడొకణ్ణి చూశాను. ఎడమ రెప్ప నల్లగుడ్డును సగానికి పైగా కప్పేసింది. గోదారి మీద పోతున్న పడవను చూడాలని తల వెనక్కి వాల్చాడు. కనుబొమ్మ పైకి లాగాడు. ఆ వయసుకే నుదుటి మీద ముడతలు. పక్కనున్న పెద్దావిడ, “గ్రహణప్పూట వాళ్లమ్మ ఏం తరిగిందోనండీ” అంది. ఆ తల్లి తల దించుకుంది.

కారణం దొరికిందనుకోగానే మనసు కుదుటపడుతుంది. దొరికింది నిజమా కాదా అన్నది మనకు పట్టదు. పుట్టుకతో రెప్ప వాలిన పిల్లల్లో చాలామందికి రెప్పను ఎత్తే కండరమే గర్భంలో సరిగా తయారు కాదు. దానికీ గ్రహణానికీ, కత్తిపీటకీ ఏ సంబంధమూ లేదు. తల్లి మీద నేరం మోపితే రెప్ప ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. పైగా కాలం పోతుంది. రెప్ప కంటిపాపకు అడ్డుపడితే చూపు నేర్చుకునే వయసులో మెదడు ఆ కన్నును లెక్కలోంచి తీసేస్తుంది. ఆ తర్వాత రెప్ప ఎత్తినా, పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

భారతంలో దమయంతి స్వయంవరంలో దేవతలు నలుడి రూపంలో వచ్చి కూర్చుంటారు. వాళ్ల రెప్పలు పడవు, నలుడి రెప్పలు పడతాయి. దమయంతి కోరుకున్నది ఆ రెప్ప పడే మనిషినే. ఆ పడే రెప్పైనా మన చేతిలో ఉందా? మెదడు నుంచి వచ్చే మూడో నరం పనిచేస్తేనే అది మళ్లీ లేస్తుంది. షుగరు ఆ నరాన్ని దెబ్బతీయగలదు. కండరాలు త్వరగా అలిసిపోయే మయస్థీనియా అనే జబ్బు ఉన్నవాళ్లకు పొద్దున బాగానే ఉన్న రెప్ప సాయంత్రానికి బరువెక్కుతుంది. వరిచేల మధ్య ఊళ్లలో నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కట్లపాము కరిస్తే ఒక్కోసారి నొప్పి ఉండదు, గాటూ కనపడదు. తెల్లారి కడుపునొప్పి, వాలిన రెప్పలు. ఇంట్లోవాళ్లు నిద్రమత్తనుకుంటారు. ఆ తర్వాత మింగడం కష్టమవుతుంది, ఊపిరి అందదు. ఆ రెప్పకు కావలసింది పాము విషానికి విరుగుడు, అవసరమైతే వెంటిలేటర్. విషం దిగిపోతే రెప్ప దానంతటదే లేస్తుంది.

వయసు మీద పడినవాళ్లకు, కొందరికి శుక్లం ఆపరేషన్ తర్వాత, కండరం బాగానే ఉన్నా దాన్ని రెప్పకు కలిపే పొర సాగుతుంది, ఊడుతుంది. దాన్ని తిరిగి కుట్టాలి. మత్తు రెప్పకే ఇస్తారు, మనిషి మెలకువగానే ఉంటాడు. డాక్టరు “తెరవండి, మూయండి” అంటూ, ఒక్కోసారి లేపి కూర్చోబెట్టి, కుట్టు బిగించి సడలించి ఎత్తు చూసుకుంటాడు. శరీరాన్ని బాగుచేయడానికి ఆ శరీరం గల మనిషినే అడగడం నాకు గొప్పగా తోస్తుంది. కండరం బొత్తిగా పనిచేయని పిల్లలకు దారి వేరు. తొడలోంచి తీసిన పొరతోనో, సిలికాన్ తాడుతోనో రెప్పను నుదుటి కండరానికి కడతారు. ఆ పిల్లవాడు కనుబొమ్మతో పడుతున్న పాటునే సర్జన్ పద్ధతిగా మారుస్తాడు.

దానికో మూల్యం ఉంది. ఎత్తి కట్టిన రెప్ప నిద్రలో పూర్తిగా మూతపడకపోవచ్చు. కంటి పొర ఆరిపోకుండా చుక్కలు, ఆయింట్‌మెంట్ వాడాలి. ధవళేశ్వరం బ్యారేజీనే చూడండి, దాని గేట్లు 175. వరద లేనప్పుడు అన్నీ పూర్తిగా ఎత్తేస్తే డెల్టా కాలువల్లోకి నీళ్లెక్కవు. ఇక్కడా అంతే, ఎంత ఎత్తాలన్నదే అసలు విద్య. అద్దంలో రెండు కళ్లూ అచ్చంగా ఒకేలా ఉండాలని పట్టుబట్టడం నా దృష్టిలో అత్యాశ.

పిల్లల రెప్ప వాలి ఉంటే పెద్దయ్యాక చూద్దామని ఆగకండి, రెప్పల సర్జరీ ప్రత్యేకంగా చదివిన కంటి డాక్టరుకు వెంటనే చూపించండి. ఆపరేషన్ ఎప్పుడో ఆయన చెబుతారు. ఒక్క రాత్రిలో రెప్ప వాలినా, దానితో పాటు తీవ్రమైన తలనొప్పి వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, కంటిపాప పెద్దదైనా కంటి ఆసుపత్రి వెతుక్కుంటూ తిరగకండి. నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.